‘మా జానకి’ అన్నది ఎవరు?

త్యాగరాజస్వామి కాంభోజి కృతి ‘మా జానకి చెట్టబట్టగ మహరాజువైతివి’ని నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. శ్రీరామనవమి పందిట్లో విన్నాను, రేడియోలో విన్నాను, ఆ తర్వాత సభల్లో పెద్ద విద్వాంసులు విస్తారంగా పాడగా విన్నాను. ఇన్నేళ్లు విన్న తర్వాత ఒకరోజు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. ‘మా’ జానకి అంటున్నది ఎవరు? చెట్టబట్టడమంటే చెయ్యి పట్టడం, పెళ్లాడడం. మా పిల్ల నీ చెయ్యి పట్టబట్టే నువ్వు మహారాజువయ్యావని రాముడి ముఖం మీదే అంటున్న గొంతు అది. చరణంలో ఆ గొంతు ఒక్కొక్కటే లెక్క చెబుతుంది: మా జానకి నీ ఆజ్ఞ మీరకుండా అడవికి వచ్చింది, మాయారూపాన్ని నిలిపి తాను అగ్ని చెంతనే ఉంది, రాక్షసుడి వెంట వెళ్లి అశోకవృక్షం కింద కూర్చుంది, వాడి మాటలకు కోపం వచ్చినా కంటిచూపుతో వాణ్ణి చంపకుండా ఓర్చుకుంది, ఇదంతా ఆ కీర్తి నీకే దక్కాలని చేసింది. పెళ్లివారింట్లో ఆడపిల్ల తరఫువాళ్లు తప్ప ఇంకెవరూ ఇలా మాట్లాడరు. జీవితమంతా రాముణ్ణి తన ఇంటి దైవంగా కొలిచిన మనిషి ఈ ఒక్క పాటలో మిథిల పక్షాన ఎందుకు నిలబడ్డాడు?

నిందాస్తుతి అని ఒక జవాబు ఉంది, అది తప్పు జవాబేమీ కాదు. కానీ సంగీత విద్వాంసులు పరంపరగా చెబుతూ వచ్చిన మాట మరొకటి ఉంది. త్యాగరాజస్వామి మూడు గేయనాటకాలు రాశారనీ, వాటిలో ‘ప్రహ్లాద భక్తి విజయం’, ‘నౌకా చరిత్రం’ దొరుకుతున్నాయనీ, మూడోదైన ‘సీతారామ విజయం’ దొరకడం లేదనీ, ఈ కాంభోజి కృతి, కేదారగౌళలోని ‘వనజనయనుడని’ ఆ పోయిన నాటకంలోవేననీ వాళ్లు చెబుతారు. ఆ మాట నిజమైతే ‘మా’ అన్నది త్యాగయ్యగారు కాదు. రంగం మీద ఒక పాత్ర నిలబడి అన్నది. ఆ పాత్ర పేరేమిటో, అంతకు ముందు రాముడు ఏమన్నందుకు అది అలా సమాధానం చెప్పిందో, ఆ పాట ముగిశాక ఎవరు తలవంచుకున్నారో మనకు తెలియదు. నాటకం కరిగిపోయి పాట ఒక్కటే తేలింది. మనం ఆ పాటను పట్టుకుని, దాని చుట్టూ ఎప్పుడూ ఏమీ లేనట్టుగా పాడుకుంటున్నాం.

ఇది ఎంత పెద్ద తేడానో అర్థం కావాలంటే దొరికిన నాటకం వైపు చూడాలి. ప్రహ్లాద భక్తి విజయం అయిదంకాల నాటకం. నలభై అయిదు కీర్తనలు, వాటి మధ్య పద్యాలు, ద్విపదలు, వచనం. అందులో కల్యాణి రాగంలో ‘వాసుదేవయని వెడలిన యీ దౌవారికుని కనరే’ అనే కీర్తన ఉంది. దౌవారికుడంటే ద్వారపాలకుడు. వాసుదేవా అంటూ వస్తున్న ఈ ద్వారపాలకుణ్ణి చూడండి అని ప్రేక్షకులతో చెప్పే పాట అది. యక్షగానాల్లో, భాగవత మేళాల్లో పాత్ర ప్రవేశించేటప్పుడు పాడే దరువులు ఇలాగే ఉంటాయి: ఇద్దరు మనుషులు అడ్డంగా తెర పట్టుకుంటారు, తెర వెనక పాత్ర నిలబడి ఉంటుంది, మేళం ఆ పాత్ర ఎలాంటివాడో, ఏ బట్ట కట్టాడో, ఎలా నడిచి వస్తున్నాడో పాడుతుంది, అప్పుడు తెర దిగుతుంది. ‘కనరే’ అన్న మాటకు అర్థం అక్కడ ఉంది. చూడడానికి ఎదురుగా ఒక మనిషి ఉంటాడు.

ఇప్పుడు కచేరీలో ఈ కీర్తన పాడినప్పుడు ద్వారపాలకుడి కోసం ఎవరూ వెతకరు. కల్యాణి విస్తరిస్తుంది, సంగతులు పడతాయి, కల్పనస్వరాలు వస్తాయి. నేనూ ఆ కల్యాణిలో మునిగిపోయేవాణ్ణే, అది తప్పని అనడం లేదు. అయితే ఒక్కటి ఊహించుకోండి. వాలాజాపేట శిష్యులు, ముఖ్యంగా వేంకటరమణ భాగవతులవారు, ఆ తర్వాత వారి వంశంవారు గురువుగారి కృతులను రాసిపెట్టకపోయి ఉంటే, ఆ రాతప్రతులు మదురైలోని సౌరాష్ట్ర సభకు చేరకపోయి ఉంటే, ఈ నాటకమూ సీతారామ విజయం లాగే పోయి ఉండేది. అయినా వాసుదేవయని మిగిలే ఉండేది, ఎందుకంటే అది పాటకులకు కావాలి. అప్పుడు మనం ఆ దౌవారికుడు ఏ గుడి ద్వారపాలకుడో అని చర్చించేవాళ్లం, త్యాగయ్యగారు ఫలానా క్షేత్రానికి వెళ్లినప్పుడు పాడారని ఒక కథ కూడా అల్లేవాళ్లం. ‘ఓడను జరిపే’, ‘గంధము పుయ్యరుగా’ విషయంలోనూ అంతే అయ్యేది. యమునలో గోపికలు ఎక్కిన పడవ, దానికి పడిన చిల్లు, వాళ్ల గర్వం, భయం ఇవన్నీ పోయి, ఒక పడవ పాట, ఒక గంధం పాట మిగిలేవి.

పోయిన నాటకాల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఎంత పోయింది అని అడుగుతాం. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉందని నా నమ్మకం. మిగిలిన ముక్కను ఎవరు మిగిల్చారు, వాళ్లకు అది దేనికి పనికొచ్చింది? నాటకాన్ని నాటకం కోసం కాపాడినవాళ్లు చరిత్రలో బహు కొద్దిమంది. తక్కినవాళ్లందరూ దాన్ని మరొక పనికోసం తీసుకున్నారు. పాటకుడు పాటకోసం తీసుకున్నాడు, నాటకాలకు లక్షణగ్రంథాలు రాసే లాక్షణికుడు ఉదాహరణకోసం తీసుకున్నాడు, అనువాదకుడు తన కావ్యంకోసం తీసుకున్నాడు, బడిపంతులు పాఠంకోసం తీసుకున్నాడు. ఆ పనికి అక్కరలేని భాగం వాళ్ల చేతుల్లోంచి జారిపోయింది. కాబట్టి మన చేతికొచ్చిన ముక్క నాటకానికి నమూనా అనుకోకూడదు, అది ఆ చేతుల అవసరానికి నమూనా.

ఈ మాటకు నాకు తెలిసిన అతి స్పష్టమైన సాక్ష్యం ఇటలీలో ఉంది. క్లాడియో మోంటెవెర్డి 1607లో ‘ఓర్ఫియో’ అనే ఒపేరా రాశాడు, దాని స్వరప్రతి 1609లో అచ్చయింది, అందుకే అది మనకు పూర్తిగా ఉంది. ఓర్ఫియో ఆడిన మరుసటి ఏడు, 1608 మే నెలలో, మాంటువా రాజకుటుంబంలో పెళ్లికి ‘అరియాన్నా’ ప్రదర్శించారు. ప్రధాన పాత్రకు శిక్షణ పొందిన పడుచు గాయని కాటరీనా మార్టినెల్లి ఆ మార్చిలోనే మశూచితో చనిపోయింది. వర్జీనియా ఆంద్రెయినీ అనే నటి కొద్ది రోజుల్లో ఆ పాత్రను నేర్చుకుని నిలబెట్టింది. ప్రియుడు వదిలిపెట్టి వెళ్లిన దీవిలో అరియాన్నా విలపించే ఘట్టానికి సభలోని స్త్రీలు కంటతడి పెట్టారని ఆనాటి వర్ణన చెబుతోంది. రినుచ్చీని రాసిన నాటక పాఠం అచ్చయి నేటికీ ఉంది. సంగీతం మాత్రం ఆ ఒక్క విలాపం తప్ప అంతా పోయింది.

ఆ విలాపం ఎందుకు ఉండిపోయిందో చూడండి. మోంటెవెర్డియే దాన్ని నాటకంలోంచి విడదీసి 1614లో అయిదు గొంతులు కలిసి పాడే మాడ్రిగల్ అనే గీతంగా మార్చి అచ్చు వేశాడు. 1623లో ఒంటి గొంతు పాటగా వెలువడింది. ఆయన చివరి దశలో అదే సంగీతానికి లాటిన్ మాటలు తొడిగి, కొడుకు కోసం ఏడ్చే మేరీమాత విలాపంగా 1641 నాటి భక్తిగీతాల సంపుటంలో చేర్చాడు. ప్రియుడి కోసం ఏడ్చిన స్త్రీ గొంతు శిలువ దగ్గర తల్లి గొంతయింది. నాటక పాఠం తెరిస్తే ఇంకొక సంగతి కూడా తెలుస్తుంది. రంగం మీద అరియాన్నా ఒంటరిగా ఏడవలేదు. చుట్టూ జాలరుల బృందం ఉంది, ఆమె మాటల మధ్య వాళ్లు జాలిపడుతూ పలుకుతుంటారు. విడిపాటలో ఆ జాలరులు లేరు. నాలుగు వందల ఏళ్లుగా లోకం ఆ పాటను ఒంటరి స్త్రీ శోకంగా వింటూ వచ్చింది. అసలు నాటకంలో అది పదిమంది ఎదుట ఏడ్చిన ఏడుపు. పదిమంది ఎదుట ఏడవడంలో ఉన్న అవమానం, ఆసరా రెండూ ఆ జాలరులతోనే పోయాయి.

మన సంస్కృత నాటకాల దగ్గర ఈ పని చేసినవాళ్లు లాక్షణికులు. ‘ముద్రారాక్షసం’ రాసిన విశాఖదత్తుడే ‘దేవీచంద్రగుప్తం’ అనే మరొక నాటకం రాశాడు. అది పోయింది. అయితే 12వ శతాబ్దంలో గుజరాతులో రామచంద్ర గుణచంద్రులు రాసిన ‘నాట్యదర్పణం’లో, భోజుడి ‘శృంగారప్రకాశం’లో దాని ముక్కలు ఉదాహరణలుగా ఉన్నాయి. 1923 ప్రాంతంలో పండితులు వాటిని బయటపెట్టినప్పుడు చరిత్రకారుల లోకం ఉలిక్కిపడింది. కథ అలాంటిది: శకరాజు చేత చిక్కిన రామగుప్తుడనే గుప్తరాజు తన రాణి ధ్రువదేవిని అతనికి అప్పగించడానికి ఒప్పుకుంటాడు, తమ్ముడు చంద్రగుప్తుడు ఆ అవమానం సహించలేక ఆడవేషంలో శత్రువు శిబిరానికి పోయి శకరాజును చంపుతాడు. బాణుడు హర్షచరిత్రలో ఒక్క వాక్యంలో ఈ సంఘటనను తలచి వదిలేశాడు. గుప్తుల శాసనాల్లోని వంశావళిలో రామగుప్తుడి పేరే లేదు. చాలామంది అతను కవి కల్పన అన్నారు. 1969లో విదిశ దగ్గర దుర్జన్‌పూర్‌లో బయటపడిన మూడు జైన విగ్రహాల పీఠాల మీద మహారాజాధిరాజ రామగుప్తుడి పేరు కనిపించాక వాదం మలుపు తిరిగింది.

ఇంతవరకు చెప్పి ఆగిపోతారు చాలామంది, ఎందుకంటే కథ ఇక్కడ చక్కగా కుదురుతుంది. నాకు ఇక్కడి నుంచే ఇబ్బంది మొదలవుతుంది. లాక్షణికుడు ఒక నాటకంలోంచి ఏం తీసుకుంటాడు? ఒక మాట రెండు విధాలుగా అర్థమయ్యే చమత్కారం ఉన్నచోట తీసుకుంటాడు. దేవీచంద్రగుప్తంలో అలాంటి ఘట్టం ఒకటి మిగిలింది: ఆడవేషంలో ఉన్న తమ్ముడితో రామగుప్తుడు ప్రేమగా మాట్లాడుతుంటే, చాటు నుంచి విన్న ధ్రువదేవి రాజు మరో స్త్రీతో మాట్లాడుతున్నాడనుకుని బాధపడుతుంది. అద్భుతమైన ఘట్టం అది. రాజు పిరికితనం వల్ల పరుల పాలు కాబోతున్న స్త్రీ, ఆ రాజు నోటి నుంచే వేరొకరి మీద ప్రేమ వింటోంది. అన్నదమ్ముల మమత, భార్య అవమానం ఒకే మాటలో రెండు వైపులా కోస్తున్నాయి. ఇలాంటివి మనకు దొరికాయి, ఎందుకంటే ఇవి లక్షణానికి పనికొచ్చాయి. రామగుప్తుడు చివరికి ఏమయ్యాడన్నది వాళ్లకు అక్కరలేదు. చంద్రగుప్తుడు అన్నను చంపి రాజ్యాన్నీ రాణినీ తీసుకున్నాడన్న నింద 871 నాటి అమోఘవర్షుడి సంజాన్ తామ్రశాసనం వంటి తర్వాతి ఆధారాల్లో ఉంది. దాన్ని తెచ్చి నాటకం చివర అతికించి, విశాఖదత్తుడు ఇలా ముగించాడని చెప్పేవాళ్లున్నారు. ముద్రారాక్షసంలో శత్రువును చంపకుండా మంత్రిగా మార్చుకునే ముగింపును రాసిన నాటకకర్త, అన్నదమ్ముల మధ్య ఏం చేసి ఉంటాడో మనకు మనం నింపుకోవడం నాకు సమ్మతం కాదు. ఖాళీని ఖాళీగా చూపించే ధైర్యం ఉండాలి.

తెలుగువాళ్లకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ‘క్రీడాభిరామం’. వినుకొండ వల్లభరాయడి పేరుతో ఉన్న ఈ వీథీరూపకాన్ని కాదు శ్రీనాథుడిదే అన్న వాదం మనవాళ్లలో ఏళ్ల తరబడి నడిచింది, ఆ వాదం కోసం ఖర్చయిన కాగితంలో పదోవంతు కూడా దాని మూలం గురించిన ఆలోచనకు ఖర్చు కాలేదు. మూలం రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన ‘ప్రేమాభిరామం’. అది పోయింది. మనకు మిగిలింది మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతూ చూసినవన్నీ చెప్పుకునే తెలుగు పద్యాలు. పూటకూళ్ల ఇల్లు, పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ, ఏకవీర గుడి, మాచల్దేవి చిత్రశాల. ఓరుగల్లు గురించి రాసే ప్రతివారూ ఈ పద్యాలను కాకతీయ యుగపు ఫొటోల్లా వాడుకుంటారు. ఆ ఫొటో తీసింది త్రిపురాంతకుడా, తెలుగు కవా? సంస్కృతంలో ఆ పల్నాటి పాట ఉందా, లేక తెలుగు చేసినవాడు తన కాలపు వీధిలోంచి తెచ్చి చేర్చాడా? అనువాదకుడి చేతిలో మిగిలిన నాటకంలో ఈ అతుకు కనిపించదు, కనిపించనంత బాగా కుట్టడమే అతని నేర్పు. తెలుగు పద్యాన్ని ప్రేమించేవాడిగా నేను ఆ నేర్పుకు దండం పెడతాను. త్రిపురాంతకుడి పేరు మాత్రం పాఠ్యపుస్తకాల్లో అనువాద మూలమన్న ఒక్క వాక్యానికి మించి కనిపించాలని కోరుకుంటాను.

ఆ క్రీడాభిరామాన్ని వెలికితీసిన మానవల్లి రామకృష్ణకవిగారిని ఇక్కడ తలచుకోకుండా ముందుకు పోలేను. పోయిన నాటకాన్ని నాటకంగా వెతికిన అరుదైన మనుషుల్లో ఆయన ఒకరు. 1922లో రామనాథశాస్త్రితో కలిసి నాలుగు ప్రాచీన భాణాలను, అంటే ఒకే పాత్ర మాట్లాడే రూపకాలను, ‘చతుర్భాణి’గా అచ్చు వేశారు. 1926 నుంచి అభినవగుప్తుడి వ్యాఖ్యతో నాట్యశాస్త్రాన్ని సంపుటాలుగా ప్రకటించారు. ఆ వ్యాఖ్య రాతప్రతులు ఎంత చెడిపోయి ఉన్నాయంటే, అభినవగుప్తుడే స్వర్గం నుంచి దిగివచ్చినా తన అసలు పాఠాన్ని తేలిగ్గా నిలబెట్టలేడని ఒక పండిత మిత్రుడు అన్న మాటను ఆయన పీఠికలో ఒప్పుకుంటూ రాశారు. ఆ ఒప్పుకోలు నాకు ఆయన పాండిత్యమంత గొప్పగా కనిపిస్తుంది. చెడిన చోట చెడిందని చెప్పి, దిద్దిన చోట దిద్దానని చెప్పడం ఈ పనిలో సగం.

ఎవరి ఎంపికా లేకుండా, కేవలం యాదృచ్ఛికంగా మిగిలినవి కూడా కొన్ని ఉన్నాయి. ఎంపిక ఎంత దాచిపెడుతుందో వాటి పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. గ్రీకు నాటకకర్త యురిపిడిస్ తొంభై దాకా నాటకాలు రాశాడు. అందులో పది నాటకాలు బడుల్లో పాఠాలుగా, వ్యాఖ్యలతో మన దాకా వచ్చాయి. ఇవి కాక మరో తొమ్మిది ఉన్నాయి, వాటి గ్రీకు పేర్లన్నీ అక్షరక్రమంలో దగ్గర దగ్గరగా వస్తాయి. సమగ్ర రచనలను అక్షరక్రమంలో పేర్చిన ప్రతిలో ఒక భాగం ఎక్కడో బతికి బయటపడిందన్న మాట. ఆ తొమ్మిదింటిలో పంతుళ్లు ఎంచని యురిపిడిస్ కనిపిస్తాడు: సుఖాంతాలు, తప్పిపోయిన బిడ్డలు, మారువేషాలు, హాస్యం. గ్రీకుల మోటు హాస్యపు సాటిర్ నాటకాల్లో పూర్తిగా మిగిలిన ఏకైక నాటకం ‘సైక్లోప్స్’ అక్కడే ఉంది. ఆ తొమ్మిదీ లేకపోతే విషాదం తప్ప తెలియని కవిగా ఆయన్ని పూజించేవాళ్లం.

మధ్య ఆసియాలో కుచా ప్రాంతపు గుహల్లో దొరికిన తాటాకు ముక్కలదీ అదే పాత్ర. హైన్రిష్ ల్యూడర్స్ 1911లో ప్రకటించిన ఆ ముక్కల్లో అశ్వఘోషుడి ‘శారిపుత్రప్రకరణం’ ఉంది, తొమ్మిదో అంకం చివరి గద్యలో సువర్ణాక్షి కుమారుడైన అశ్వఘోషుడి రచన అని స్పష్టంగా ఉంది. శారిపుత్రుడు బుద్ధుడి శిష్యుడయ్యే కథ అది. ఆ గంభీరమైన బౌద్ధ నాటకంలో ఒక విదూషకుడు ఉన్నాడు. బౌద్ధ దర్శనంకోసం ఉటంకించే పండితుడెవడూ ఆ విదూషకుడి మాట ఉటంకించి ఉండడు. ఎడారి పొడి గాలి ఉటంకింపు చేయలేదు, దొరికినంతా దాచింది. సన్యాసం గురించిన నాటకంలో నవ్వు ఉండేదని మనకు తెలిసింది ఆ గాలి వల్లే.

పోయిన పుస్తకాల ప్రస్తావన వస్తే తగలబెట్టారు అన్న మాట వెంటనే వస్తుంది. తగలబడ్డవి ఉన్నాయి, కాదనను. కానీ మన ఉక్కపోతలో, చెదల్లో ఒక తాటాకు ప్రతి కొన్ని తరాలకు మించి నిలవదు. బతికిన ప్రతి గ్రంథాన్నీ ఎవరో మళ్లీ మళ్లీ ఘంటం పట్టి రాశారు. నాటకాన్ని మళ్లీ రాయవలసిన అవసరం ఆడేవాళ్లకే ఉంటుంది. ఆట ఆగిన రోజున రాత ఆగింది, రాత ఆగిన కొన్ని తరాలకు ఆకు పొడి అయింది. భాసుడి పేరుతో చెప్పే పదమూడు నాటకాలను 1912 నుంచి గణపతిశాస్త్రి తిరువనంతపురంలో అచ్చు వేయగలగడానికి ఒక కారణం, కేరళలో కూడియాట్టం ఆడే చాక్యార్లు ఆ నాటకాల అంకాలను రంగం మీద ఆడుతూ ఉండడం. కాళిదాసు తన కంటే ముందువాళ్లుగా భాసుడితో పాటు సౌమిల్లుడు, కవిపుత్రుల పేర్లు చెప్పాడు. ఆ తక్కినవాళ్ల నాటకాలను ఆడే మేళం ఎక్కడా మిగల్లేదు.

ఇదంతా పాతకాలపు సంగతి అనుకునేవాళ్ల కోసం మన పద్యనాటకం దగ్గరికి వస్తాను. తిరుపతి వేంకటకవులు భారతకథను ఆరు నాటకాలుగా రాశారు: పాండవ జననం, ప్రవాసం, రాజసూయం, ఉద్యోగం, విజయం, అశ్వమేధం. ఆంధ్ర దేశంలో ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ తెలియని ముసలివాళ్లు లేరు. ‘చెల్లియో చెల్లకో’, ‘జెండాపై కపిరాజు’, ‘అలుగుటయే యెరుంగని’ పద్యాలకు సభలు వన్స్‌మోర్ కొట్టాయి. ఇవన్నీ రాయబారం చుట్టూ ఉన్నవే. ఇప్పుడు కురుక్షేత్రం పేరుతో ఆడేది ఉద్యోగ విజయాల్లోంచి ఏరి కుట్టిన సీన్లు. అశ్వమేధాన్ని రంగం మీద చూసినవాళ్లు నాకు ఒక్కరూ తారసపడలేదు. ఈ ఏరివేతలో ప్రేక్షకుల ఇష్టం ఎంత పనిచేసిందో గ్రామఫోను అంత పనిచేసింది. పాత రికార్డు ఒక్క ముఖానికి పట్టేది మూడు నిమిషాలు. మూడు నిమిషాల్లో ఒక రాగాలాపనా ఒకటో రెండో పద్యాలూ పడతాయి, వాటికి ముందు వెనకల మాటలు పట్టవు. మోంటెవెర్డి విలాపానికి పట్టిన గతే ఇదీ, మన కళ్ల ముందు.

సత్య హరిశ్చంద్రలో ఇది ఇంకో విధంగా జరిగింది. కాటిసీనులో హరిశ్చంద్రుడు పాడే ‘ఇచ్చోటనే’ పద్యం వింటూ బలిజేపల్లివారి కవిత్వాన్ని మెచ్చుకునేవాళ్లను ఎందరినో చూశాను. అది జాషువాగారి శ్మశానవాటి పద్యం. నటులు తెచ్చి అక్కడ పెట్టారు, ఆ చోటుకు అది ప్రాణమైంది. బలిజేపల్లివారి పుస్తకం తెరిచి వెతికితే కనబడదు. అంటే అచ్చు పుస్తకం మన బీరువాలో భద్రంగా ఉన్నా, జనం ఏడ్చిన నాటకం అందులో లేదు.

నాకు ఈ సంగతి పుస్తకాల వల్ల తెలియలేదు. మా పెదతాతగారు తెనాలి దగ్గర ఒక నాటక సమాజానికి హార్మోనిస్టు. ఆయన పోయాక అటక మీది ట్రంకుపెట్టెలో గోధుమరంగు అట్ట ఉన్న పొడుగు నోటుపుస్తకం ఒకటి దొరికింది, జమాఖర్చులు రాసుకునే రకం. అందులో హరిశ్చంద్ర నాటకం ఆడినట్టుగా ఉంది. ప్రతి పద్యం మొదటి పాదం మాత్రమే రాసి పక్కన రాగం, శ్రుతి, ఏ నటుడికి శ్రుతి ఎంత దించాలో పెన్సిలుతో గుర్తు. కాటిసీను దగ్గర జాషువా పద్యాలు ఎర్ర సిరాతో, వేరే చేతిరాతలో, తర్వాత అతికించిన కాగితం మీద ఉన్నాయి. ఒకచోట ‘లైటు తగ్గే దాకా వాయించాలి’ అని ఉంది. మరోచోట చంద్రమతి పద్యం మీద అడ్డగీత కొట్టి, మళ్లీ ఆ గీత మీద ‘ఉంచాలి’ అని రాసి ఉంది. ఆ గీతకూ ఆ మాటకూ మధ్య ఏ ఊళ్లో ఏం జరిగిందో.

దాన్ని భద్రపరచమని ఒక పెద్ద గ్రంథాలయానికి తీసుకెళ్లాను. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడారు. నాలుగు పేజీలు తిప్పి, ఈ నాటకం అచ్చు ప్రతులు మా దగ్గర చాలా ఉన్నాయండీ, ఇందులో పద్యాలు కూడా పూర్తిగా లేవు కదా అన్నారు. ఆయన తన గ్రంథాలయం పనికి ఏది పనికొస్తుందో అది చూశారు. నాట్యదర్పణం రాసినవాళ్లు కూడా అంతకంటే భిన్నంగా ఏమీ చేయలేదు. నాకు మాత్రం ఆ మెట్లు దిగుతుంటే గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. ఇలాంటి పుస్తకాలు, హార్మోనిస్టులవీ, ప్రాంప్టర్లవీ, సమాజం మేనేజర్లవీ, కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణలో ఎన్ని అటకల మీద ఉన్నాయో. వాటిని ఫొటోలు తీసి ఒకచోట చేర్చడానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. పద్యాలు పూర్తిగా లేవన్న కారణంతో వాటిని తిప్పి పంపకూడదు. పద్యాలు ఎలాగూ ఉంటాయి. వాటికి బతికే దారి తెలుసు.

ఆ నోటుపుస్తకాన్ని ఇప్పుడు నేనే స్కాన్ చేస్తున్నాను. నిన్న రాత్రి కాశీ దారి ఘట్టం దాకా వచ్చాను. అప్పు కోసం హరిశ్చంద్రుణ్ణి వెంటాడే నక్షత్రకుడి సీను అది, మా ప్రాంతంలో జనం కడుపుబ్బ నవ్వింది ఈ సీనుకే అని మా నాయనమ్మ చెప్పేది. ఎడమ పేజీలో హరిశ్చంద్రుడి పద్యాల మొదటి పాదాలు, వాటి రాగాలు వరుసగా ఉన్నాయి. కుడి పేజీ పైన ‘నక్షత్రకుడు – సొంత మాటలు – పావుగంట’ అని ఉంది. దాని కింద పేజీ అంతా తెల్లగా ఉంది. ఆ పేజీని కూడా స్కాన్ చేశాను.